నాయన మాట, నా ఇంగ్లీషు

నా చిన్నప్పుడు సౌదీలో, దమ్మామ్‌లోని మా ఇంటికి ఒక అమెరికా లాయరు వచ్చాడు. తర్వాతి కాలంలో ఆయన వాళ్ల దేశపు చట్టసభ కాంగ్రెసుకు ఎన్నికయ్యాడు గానీ, ఆ శుక్రవారం మధ్యాహ్నం మాత్రం ఒక కాంట్రాక్టు కంపెనీ పంపగా వచ్చిన కుర్ర లాయరు, అంతే. ఎండకు ముఖం కందిపోయింది. మా చాప మీద ఎలా కూర్చోవాలో తెలియక మోకాళ్లతో అవస్థ పడుతున్నాడు.

మాది కడప. నాయన ఆ కంపెనీలో లారీ డ్రైవరు. అంతకుముందు వారం రాస్ తనూరా రేవులో ఆయన లారీలోంచి సామాను దించుతుండగా క్రేను తాడు తెగి, కిందున్న కరీంనగర్ మనిషి కాలు నలిగిపోయింది. తాడు అరిగిందని నాయన ముందే ఫోర్‌మన్‌తో చెప్పాడు. లాయరు తెచ్చిన కాగితంలో మాత్రం, వద్దన్నా వినకుండా ఆ మనిషే బరువు కిందికి వెళ్లాడని ఉంది. నాయన సాక్షి సంతకం పెడితే, వైద్యం మధ్యలోనే ఎగ్జిట్ వీసా కొట్టి అతన్ని ఊరికి పంపేస్తారు.

నాయనకు ఇంగ్లీషు రాదు. ఏడో తరగతి చదువుతున్న నేనే మధ్యలో కూర్చుని ఒకరి మాట ఒకరికి చెప్పాను. కాగితంలో ఉన్నదంతా విని నాయన నింపాదిగా అన్నాడు: "ఇది అబద్ధం. తాడు సంగతి నేనే చెప్పినా, ఫోర్‌మన్ ఇనలా. కఫీల్ నన్ను రేపే ఇంటికి పంపించినా సరే, దీని మీద సంతకం పెట్టనని చెప్పు."

మా వీసా, మా ఇల్లు, నా బడి అన్నీ వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ చేతిలోనే ఉన్నాయని నాకు తెలుసు. "మా నాయనకు సంతకం పెట్టడం ఇష్టం లేదు" అని మాత్రం ఇంగ్లీషులో మెల్లగా అన్నాను.

నాయన నా వైపు తిరిగాడు. "నేను అంత చెప్తే, నువ్వు ఇంతే చెప్పినావేమ్మా?"

"ఆయనకి కోపమొస్తాదేమో నాయనా."

"రానీ. కోపం ఆయనది, మాట నాది. నా మాటను కోసే పని నీకొద్దు. మళ్లా చెప్పు."

వంటింటి గుమ్మంలో అమ్మ టీ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను మొత్తం చెప్పాను. 'అబద్ధం' అన్న మాటను కూడా వదల్లేదు.

లాయరు కలం జేబులో పెట్టుకోబోయి మళ్లీ తీశాడు. తాడు సంగతి మొదటి నుంచీ చెప్పమని అడిగి, కంపెనీ కాగితం వెనకవైపే నాయన చెప్పిందంతా రాసుకున్నాడు.

నెల తిరక్కుండా నాయన ఉద్యోగం పోయింది. దూరాన ఖమీస్ ముషైత్ ఊళ్లో ఇంకో కఫీల్ దగ్గర కుదిరాడు. లాయరు కూడా ఆ కొలువు మానేసి వెళ్లిపోయాడు. కరీంనగర్ మనిషి మాత్రం, సంతకం లేని ఆ కాగితం చెల్లకపోవడంతో, వైద్యం పూర్తయ్యాక చంకలో కర్రతోనైనా తనంతట తానే నడిచి విమానం ఎక్కాడు.

ఆ లాయరు వాళ్ల దేశంలో కూలీల తరఫున కేసులు వాదించాడనీ, ఒకసారి ఎన్నికల్లో ఓడినా మళ్లీ నిలబడి గెలిచాడనీ చాలా ఏళ్లకు తెలిసింది. సభలో ఒక కంపెనీ పెద్దను ఆయన నిలదీస్తున్న వీడియో నాయనకు ఫోనులో చూపించాను. "ఆ పొద్దు టీ తాగకుండానే పోయినాడు" అన్నాడు నాయన.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. దమ్మామ్‌లోనే ఒక ఆసుపత్రిలో మనవాళ్ల మాటలు డాక్టర్లకు చెప్పే పని నాది. మొన్న జగిత్యాల కూలీ ఒకతను బాధ చెప్పుకుంటుంటే పెద్ద డాక్టరు చెయ్యి అడ్డం పెట్టి, క్లుప్తంగా చెప్పమని నాతో అన్నాడు.

"ఆయన ముగించాక అంతా చెప్తాను" అన్నాను.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. నేను రోగి వైపు తిరిగి, "నువ్వు చెప్పన్నా. ఏదీ మిగల్చకుండా చెప్పు" అన్నాను.