మంగక్క అనని మాట

2024 వానాకాలం. భద్రాచలంలో గోదావరి పెరుగుతోంది. బస్సులు నడుస్తాయా ఆగిపోతాయా అని ఊరంతా అదే మాట. మా రికార్డింగ్ స్టూడియో కరకట్టకు ఇవతల, ఒక ఎరువుల దుకాణం మేడమీది గది. అడవి ఊళ్ళ భాషల్లో ఆరోగ్య సందేశాలు రికార్డు చేయడానికని పెట్టుకున్నాను. ఆ పని తగ్గాక హైదరాబాద్ నుంచి వచ్చే డబ్బింగ్ పనులు పట్టుకున్నాను. డబ్బింగ్ అంటే తెలిసిందే, పరాయి భాష బొమ్మకు మన గొంతు తొడగడం.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నాకు అనుమానం జాస్తి. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే ఇవాళ నీళ్ళు ఎక్కువ కలిపాడేమో అనుకునే రకం. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు. నా పనికి మాత్రం ఇదే అన్నం పెడుతోంది. గదిలో ఈగ తిరిగినా, ఆర్టిస్టు గొంతులో జలుబు మొదలైనా నా చెవి ముందే పసిగడుతుంది.

అప్పుడు మేం చేస్తున్నది పెద్దవాళ్ళ కోసం తీసిన కార్టూన్. పిల్లలు పడుకున్నాక చూసేది. అంతరిక్షం, రోబోలు, బూతు కలిసిన హాస్యం. తెలంగాణ యాసలో కావాలన్నారు. అందులో ఆడ పాత్రల్లో సగం మా మంగక్కే చెప్పేది.

మంగక్కది మణుగూరు వైపు. వాళ్ళాయన రాజన్న బొగ్గుబాయిలో పనిచేస్తాడు. ఆమె ముందు ఆటోకు మైకు కట్టుకుని వైద్య శిబిరాల గురించి ఊరూరా చెప్పేది. ఒకసారి ఆ ఆటో మా కిటికీ కింద ఆగింది. బొంగురుగా, ఎదుటివాణ్ణి దబాయిస్తున్నట్టున్నా లోపల నవ్వు దాచుకున్న గొంతు. పని వదిలేసి మెట్లు దిగి వెళ్ళి పట్టుకొచ్చాను. అప్పటినుంచి నేను ఆమెకు చెల్లెను, ఆమె నాకు అక్క. ఆటో మైకుల పని ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఆమెకంటూ నాలుగు డబ్బులు తెచ్చేది ఆ గొంతొక్కటే.

ఆ వారం వచ్చింది ఆంథాలజీ ఎపిసోడ్. అంటే ఒకే భాగంలో మూడు చిన్న కథలన్నమాట. అంతరిక్ష నౌక చెడిపోతుంది. మెకానిక్ సామాను తెచ్చేదాకా తోచక, షెడ్డులో కూర్చున్న ముసలి రోబో మూడు కథలు చెబుతుంది. మొదటిదాంట్లో ఒకాయన మూత్రపిండాలు సంఘం పెట్టుకుని సమ్మెకు దిగుతాయి. రెండోదాంట్లో ఇల్లూడ్చే యంత్రం విడాకులకు కోర్టుకెక్కుతుంది. మూడోది, ఆకాశంలో తేలే ఒక బండరాయిలో గని తవ్వే రోబో, దాని పెళ్ళాం. డాక్టరమ్మ, జడ్జమ్మ, గనికార్మికుడి పెళ్ళాం ముగ్గురూ మంగక్కే. ఒక్క గొంతును మూడు గొంతులుగా విడదీసి చెప్పాలి. అందుకే అలాంటి ఎపిసోడ్ అంటే మాకు పండగ.

మాకు పంపే బొమ్మతోపాటు స్క్రాచ్ ట్రాక్ కూడా వస్తుంది. మాటలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తెలియడానికి ఎవరో ఒకరితో ముక్తసరిగా చదివించిన తాత్కాలికపు గొంతు అది. మామూలుగా మాకు పని పంపే హైదరాబాద్ కంపెనీలో ఏ కుర్రాడో నిద్రమొహంతో చదువుతాడు. ఆరోజు పెట్టి విన్నాను. మొదటి కథ, రెండో కథ అలాగే ఉన్నాయి. మూడో కథలో పెళ్ళాం నోరు తెరవగానే నా చేతిలో టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

అది మంగక్క గొంతు. మంగక్క ఇంకా ఈ ఎపిసోడ్ చూడనే లేదు.

కంపెనీ కోఆర్డినేటర్ కిరణ్‌కు ఫోన్ చేశాను. "మూడో కథకు స్క్రాచ్ ఎవరు చెప్పారు బాబూ?" అంటే, "మీ ఆర్టిస్టే కదా మేడం, గొంతు గుర్తుపట్టలేదా?" అని నవ్వాడు. "మా స్టూడియోలో చెప్పలేదే" అన్నాను. "లైన్ కట్ అవుతున్నది మేడం" అని పెట్టేశాడు.

ఇక నా బుర్ర ఊరుకుంటుందా? నన్ను దాటేసి మంగక్క నేరుగా వాళ్ళతో మాట్లాడుకుంది. గత వారం ఒంట్లో బాగాలేదని రానిది అందుకే. మొన్న కొత్త చెప్పులు వేసుకొచ్చింది కూడా. ఇంకోసారి విన్నాను. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వినబడలేదు. మంగక్క ముక్కుతో బుస్సున పీల్చి గాని మాట ఎత్తదు. ఇంకో స్టూడియోవాళ్ళు ఊపిరి కత్తిరించి ఉంటారులే అని దానికీ సమాధానం చెప్పుకున్నాను. అనుమానం పట్టిన మనిషికి ఏ సాక్ష్యమైనా పనికొస్తుంది. మూడేళ్ళ స్నేహం పోయిందని నిజంగానే ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున మంగక్క వచ్చింది. గొడుగు తలుపు వెనక పెట్టి, "ఏంది చెల్లె, ముఖం గట్ల పెట్టినవ్? రాత్రి నిద్ర పోలేదా?" అంది.

"పోయిన వారం ఎక్కడికి వెళ్ళావక్కా?"

"యాడికి పోత? జరమొచ్చి దవాఖానాకు పోయిన. ఫోన్ల చెప్పిన గద."

"హైదరాబాద్ వాళ్ళతో ఏమన్నా రికార్డింగ్ చేశావా?"

ఆమె ముఖంలో నవ్వు పోయింది. "చేస్తే నీకు చెప్పనా, మేడం?"

మేడం అన్నది. అలా పిలిచిందంటే గట్టిగా తగిలిందన్నమాట. నేనూ తగ్గలేదు. హెడ్‌ఫోన్స్ ఆమె చేతికిచ్చి, "అయితే ఇది విను" అన్నాను.

తెరమీద గని రోబో టోపీ పెట్టుకుని, తట్టబుట్ట సర్దుకుని డ్యూటీకి బయలుదేరుతోంది. గుమ్మంలో పెళ్ళాం రోబో నడుంమీద చెయ్యేసుకుని నిలబడింది. మంగక్క గొంతు వినబడింది: "పో. పోయి ఆడనే సావు. మళ్ళ రాకు."

మంగక్క హెడ్‌ఫోన్స్ లాగి బల్లమీద పడేసింది. నేను వాదన కోసం ఎదురుచూస్తున్నాను. ఆమె నన్ను చూడనే లేదు. ఫోన్ తీసి ఎవరికో కలిపింది. అటు ఎత్తలేదు. మళ్ళీ కలిపింది.

"ఎవరికక్కా?"

"ఆయనకు. ఫస్ట్ షిఫ్టుకు దిగిండు. ఫోన్ పైన్నే పెట్టి దిగుతరు, నాకెరుకే. అయినా..." అంటూ ఇంకోసారి కలిపింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మొదటి ఎపిసోడ్‌లోనే ఇలాంటి మాట ఒకటి వస్తే ఆమె మైకు ముందునుంచి లేచిపోయింది. బూతులు ఎన్నైనా చెబుతాను గాని ఇది నా నోట రాదంది. బాయికి దిగేవాళ్ళ ఇళ్ళల్లో షిఫ్టుకు వెళ్ళే మనిషి 'పోతున్న' అనడు, గుమ్మంలో నిలబడ్డవాళ్ళు 'పో' అనరు. 'పోయొస్త' అంటే 'పోయి రా' అంటారు. పొద్దున ఎంత కొట్లాట జరిగినా ఆ ఒక్కటి తప్పదు. వాళ్ళమ్మ కూడా అంతేనట. ఆరోజు ఆమె కోసం మాట మార్చాను. తర్వాత ఆ సంగతే మరిచాను.

ఆ షిఫ్టు అయిపోయేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు. అన్నం పెడతానంటే వద్దంది. "నేననలేదు చెల్లె. కని గొంతు నాదే గద. యాడికి పోయి తగుల్తదో ఎవనికెరుక?" అని ఒక్కసారి అంది. నేను పక్కన కూర్చున్నాను. కిటికీలోంచి వాన కొడుతోంది. మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది.

"పైకొచ్చినవా?" అంది. అటునుంచి రాజన్న, "వచ్చిన. ఏందే, గిన్నిసార్లు చేసినవ్?" అన్నాడు. "ఏం లేదు. తినుపో... తిని పండుకో" అని, నోట జారిన 'పో'ను సర్దుకుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

నా అనుమానం అక్కడితో చచ్చింది. అంటే, మంగక్క మీద ఉన్నది. మొత్తంగా కిరణ్ మీదికి మళ్ళింది.

ఈసారి ఫోన్ స్పీకర్లో పెట్టాను. తిప్పి తిప్పి అడిగితే చెప్పాడు. పాత ఎపిసోడ్లలోని ఆమె మాటలన్నీ కంప్యూటర్‌కు నేర్పించారట. ఏ వాక్యం రాసిచ్చినా ఆ గొంతుతో చదివేస్తుందట. మాటల మధ్య ఊపిరి లేనిది అందుకే. మాటల్ని కూడా యంత్రమే తెలుగు చేసిందట.

"స్క్రాచ్ కోసమే మేడం. దాన్ని ఎవ్వరూ వినరు."

"నేను విన్న బాబూ" అంది మంగక్క.

కిరణ్ ఏదో సర్దిచెప్పబోయాడు. మంగక్క అడ్డుపడింది.

"నా గొంతు నన్నడగకుంట ఎట్ల తీస్కపోయినవ్? నీకు యాక్టింగు గావాల్నంటే నేను చెప్త. ఆ మిషిన్ల ఉన్నది తీసెయ్. తీసెయ్యకుంటె నేను ఇంక ఒక్క ముక్క చెప్ప."

ఇద్దరం చూస్తుండగా వీడియో కాల్లో తీసేశాడు. తెరమీద తీసేస్తే ఇంకోచోట ఉండదా అని నేనడిగితే, లేదని ప్రమాణం చేశాడు. ప్రమాణం చేశాడు కాబట్టి ఇంకొంచెం అనుమానం వచ్చింది. అయినా అంతకుమించి మా చేతిలో ఏముంది?

రెండ్రోజులకు మూడు కథలూ రికార్డు చేశాం. గుమ్మం సీను రాగానే మంగక్క బుస్సున ఊపిరి పీల్చి, "పోయి రా! జల్ది రా! వచ్చినంక నీ సంగతి చెప్త" అంది. మాట కాస్త పొడుగైంది. లిప్ సింక్, అంటే పెదాల కదలికకు మాట అతకడం, అక్కడ కుదరాలి. రోబోకు పెదాలు లేవు, నోటి చోట జాలీ ఉంది, బతికిపోయాం. మొదటి టేకే ఓకే. విన్న కిరణ్ కూడా దీనికే ఎక్కువ నవ్వొస్తోందని ఒప్పుకున్నాడు.

ఈ గొడవ తర్వాత నా పద్ధతి మారింది. కొత్త ఆర్టిస్టు వస్తే ముందు ఏం చెప్పగలరని అడిగేదాన్ని. ఇప్పుడు ఏ మాట మీ నోట రాదని అడుగుతున్నాను. మనిషి గొంతును అక్కడ గుర్తుపట్టాలని మంగక్క దగ్గర నేర్చుకున్నాను.

రికార్డింగ్ లేనప్పుడు కూడా మంగక్క వారానికోసారి ఫోన్ చేస్తుంది. పెట్టేసేటప్పుడు "పెడుతున్న" అనదు, "మళ్ళ చేస్త చెల్లె" అంటుంది. ఆ మాట వినబడ్డాకే ఇంతసేపూ మాట్లాడింది మంగక్కేనని నమ్మి ఫోన్ పెడతాను. ఈమధ్య మాత్రం, ఆ మాట కూడా ఆ మిషిను నేర్చేసుకుని ఉంటుందేమోనని భయమేసి, వెంటనే మళ్ళీ చేసి రాజన్న పైకొచ్చాడా అని అడుగుతున్నాను. అప్పుడు ఆమె బుస్సున ఊపిరి పీల్చిన చప్పుడు వినబడుతుంది.