అట్లాంటిక్ వాన, నీలం నగర్ గది

సోలాపూర్ నీలం నగర్‌లో మా ఇల్లు మేడ మీద, కింద మా ఆయన మరమగ్గాలు. పొద్దున అవి మొదలైతే నా బల్ల, బల్ల మీది కంప్యూటర్, పక్కన ఉయ్యాల అన్నీ కలిసి అదిరేవి. కూతురు పుట్టేనాటికి నా పీహెచ్‌డీ పరిశోధన సగంలో ఉంది. మిగతాది ఇంట్లోంచే చేస్తానని పుణెలోని మా గైడ్ సార్‌ను ఒప్పించాను. అప్పట్నుంచి ఆ గది దాటింది తక్కువ.

ఉత్తర అట్లాంటిక్ మీద చలికాలంలో లేచి యూరప్ వైపు పోయే తుపానులు నా విషయం. వాతావరణ నమూనాలు, అంటే గళ్లు గళ్లుగా విడగొట్టి కంప్యూటర్‌లో లెక్కలతో కట్టిన భూగోళాలు, ఆ తుపానుల వానను ఎంత సరిగ్గా చూపిస్తాయో చూడాలి. అత్తమ్మ గుమ్మంలో కూర్చుని బీడీలు చుడుతూ ఒకసారి అడిగింది.

“గా వాన మన సోలాపూర్‌ల పడ్తదా?”

“పడది అత్తమ్మా.”

“మరి కండ్లు పోయేదాంక ఏం చూస్తవ్ దాంట్ల?”

జవాబు చెప్పేలోపే పాప లేచి ఏడుపందుకుంది.

నా పరిశోధన చూడటానికి పుణెలో కమిటీ పెద్దలు కూర్చునే రోజు వచ్చింది. పుణె వెళ్లొస్తానన్నాను. “పాలు తాగే పోరిని ఇడిసి ఎట్ల పోతవ్? ఫోన్ల మాట్లాడు. జరసేపు మాగ్‌లు బంద్ పెడ్త” అన్నాడు మా ఆయన. తీరా ఆ రోజు, సాయంత్రానికల్లా టవళ్లు కావాలని అశోక్ చౌక్ వ్యాపారి పట్టుబట్టాడు. మగ్గాలు ఆగలేదు. నేను కిటికీ మూసి, తలుపు సందులో చద్దరు కుక్కి, చెమటలో కూర్చున్నాను.

“ఆ చప్పుడేమిటి?” అన్నారు సార్ ఫోన్‌లో.

“వాన పడుతోంది సార్” అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఒక పెద్దాయన అడిగాడు. “మొత్తం వాన లెక్క సరిపోయిందిగా, ఇంకేం లోపం?”

“మొత్తం సరిపోయింది సార్, పడిన తీరు తప్పు. నమూనా తుపాను దారి బాగానే పట్టుకుంటుంది. కానీ సన్నటి పట్టీలో జోరుగా కురవాల్సిన వానను పెద్ద పెద్ద గళ్లలో పరిచేస్తుంది. మాటిమాటికీ తుంపర వేస్తుంది. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ, రెండు తప్పులూ కలిసి లెక్క సరిపెడుతున్నాయి.”

ఆయన తలూపాడు. చిన్న గళ్ల నమూనాతో మళ్లీ చూడమన్నారు. దానికి పెద్ద కంప్యూటర్ కావాలి, కొన్ని నెలలు పుణె ల్యాబ్‌లోనే ఉండాలి.

మా ఆయన జుట్టులో నూలు దుమ్ముతో పైకి వచ్చాడు.

“ఏమన్నరు?”

“పుణె రమ్మన్నరు. కొన్ని నెలలు ఉండాల్నట.”

“చూద్దాం తియ్” అన్నాడు.

కోప్పడి ఉంటే పోట్లాడేదాన్ని. ‘చూద్దాం’ అన్న మనిషితో ఏం పోట్లాడతాం? అడిగినప్పుడల్లా అదే మాట. దసరా పోయింది, చలికాలం పోయింది. అత్తమ్మ నా వైపు చూసి, మళ్లీ బీడీ ఆకు కత్తిరించుకునేది.

చివరికి ఉన్నంతలో ముగించమన్నారు సార్. పట్టా వచ్చింది. చిన్న గళ్ల పని ల్యాబ్‌లో ఇంకో అమ్మాయి తీసుకుంది. ఒక మధ్యాహ్నం ఆమె తన మొదటి పటం పంపింది. సన్నటి పట్టీలో ముదురు నీలంగా వాన, నేను అనుకున్న చోటే. “అక్కా, నువ్వు చెప్పినట్టే ఉంది” అని రాసింది. పాపకు అన్నం తినిపిస్తూ ఎడమచేత్తో ఆ పటాన్ని పెద్దది చేసి చూశాను. బాగుందని రాసి పంపాను. పాప నోరు తెరిస్తే తర్వాతి ముద్ద పెట్టాను.