అక్క పెట్టిన టంకం

నిన్న మా అవ్వ పాత ట్రాన్సిస్టర్‌ను నిజామాబాద్ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే అమ్మాయికి ఇచ్చాను. అవ్వ అంటే మా అమ్మే. ఆ పిల్ల మూత విప్పి, "గీ అతుకులు ఎవరు పెట్టిండ్రు అమ్మమ్మా? గింత మంచిగున్నయ్!" అంది. సాల్డరింగు కడ్డీ పొగ ముక్కుకు తగలగానే నాకు మా అక్క గుర్తొచ్చింది.

అప్పట్లో బోధన్‌లో బావది రేడియోలు బాగుచేసే దుకాణం. ఆయన పక్షవాతమొచ్చి నిజామాబాద్ ఆస్పత్రిలో పడ్డప్పుడు, చూసి నేర్చుకున్న అక్కే తలుపులు తెరిచింది. ఆడమనిషి రేడియో విప్పుడేందని బజారంతా ముక్కున వేలేసుకుంది. ఆ దుకాణం మూతపడితే వాళ్లకు వేరే ఆధారం లేదు. నేను అక్కడి బడిలో పంతులమ్మను, ఉండేది వాళ్లింట్లోనే, కాబట్టి సలహాలకు కొదవ లేదు.

ఆ ఎండాకాలం అతుకులు పెట్టే టంకం తీగ అయిపోయింది. హైదరాబాద్ నుంచి రావాలి. ఎదురుగా ఇత్తడి గిన్నెలకు కళాయి పోసే చాచా దగ్గర తగరం ఉంది, దాన్ని పట్టించే నవసాగరమూ ఉంది. "గిన్నెకు పట్టేది తీగెకు పట్టదా?" అన్నాను, మహా తెలిసినట్టు. పట్టింది. అతుకులు అద్దాల్లా మెరిశాయి. అట్లా అక్క పది రేడియోలు చేసిచ్చింది, ఒకటి మా అవ్వదే.

వానలు మొదలయ్యాయో లేదో, ఓ చెరకు రైతు తన రేడియో తెచ్చి బల్లమీద పెట్టాడు. "మూగవడ్డది. ఆడోళ్ల చేతికిస్తే గిట్లనే ఉంటది." విప్పితే అతుకుల చుట్టూ పచ్చటి చిలుము. నవసాగరం తేమ పీల్చి రాగితీగను తినేసింది. కళాయి పోశాక గిన్నెనైతే కడుగుతారు, రేడియోను ఎవరు కడుగుతారు!

నాకు ఏడుపొచ్చింది. "మిగిలినోళ్లు రాలేదు గదక్కా, ఊకుందాం" అన్నాను.

అక్క కొంగు బిగించింది. "వాళ్లు రాకముందే మనం పోవాలె. సంచి పట్టు."

అప్పటికి తీగ వచ్చింది. తగరంలో సీసం కలిపిన అసలు టంకం, లోపల రాగిని తినని రోజిన్ బంక. సెలవు రోజుల్లో ఊరూరా తిరిగాం. పాత తగరం గీకి ప్రతి అతుకూ కొత్తగా పెట్టింది. చివరికి మా ఊరు జక్రాన్‌పల్లిలో అవ్వ రేడియోను ఒళ్లోంచి వదల్లేదు. "మంచిగ పాడుతున్నదాన్ని ఇప్పుడెందుకే?"

"ఇయ్యాల పాడుతదవ్వా. నాల్గొద్దులైతే పాడదు. తప్పు నాది, నేనే దిద్దుకుంట."

తొమ్మిదిళ్లలోనూ అదే మాట. ఒక్కచోటైనా నా పేరెత్తలేదు. మరుసటి నెల ఆ చెరకు రైతే తమ్ముడి రేడియో పట్టుకొచ్చి, "అక్క ఉన్నదా?" అని అడిగాడు. బావ తిరిగొచ్చేనాటికి అది అక్క దుకాణమే అయింది.

"మా అక్క పెట్టింది బిడ్డా. ఒకసారి చెడగొట్టించింది మాత్రం నేను" అన్నాను ఆ పిల్లతో. ఆ మాట నా నోట రావడానికి యాభై ఏళ్లు పట్టింది. వినాల్సిన మనిషి అంతకాలం ఆగలేదు.