ఇంటిపేరు లేని బోర్డు

గుణదలలో మా వీధికి వచ్చి, మసాజ్ కనకలక్ష్మి ఎక్కడ అని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. ఆ పక్క గదిలో బ్లౌజులు కుట్టే మార్తను నేనే. మాదీ దానిదీ ఒకే ఊరు, కూచిపూడికి దగ్గర్లో. వాళ్లది పెద్ద ఆసాముల ఇల్లు. మా తాత శౌరయ్య ఆ ఇంట్లో పాలేరు.

సాయంత్రం చేలోంచి వచ్చాక మా తాత వాళ్ల పెద్దాయనను బావి చప్టా మీద కూర్చోబెట్టి నువ్వుల నూనెతో ఒళ్లు పట్టేవాడు. ఆయన పోయాక కొడుకు బసవపున్నయ్యగారికీ పట్టాడు. మొదలుపెట్టే ముందు గిన్నెలో వేలు ముంచి నేల మీద మూడు చుక్కలు పెట్టేవాడు, ఆయుష్షు కోసం చిరంజీవుల పేరు మీద. మా తాత చర్చికి వెళ్లే మనిషే. అయినా వాళ్లింటి పద్ధతి ఏనాడూ తప్పలేదు.

కనకలక్ష్మి బసవపున్నయ్యగారి కూతురు. చిన్నప్పుడు నూనె గిన్నె పట్టుకుని మా తాత పక్కనే నిలబడేది. "చేత్తో నొక్కకూడదండీ అమ్మాయిగారూ. మన ఒళ్లంతా వాలాలి" అని చెప్పేవాడు తాత. నాకూ అదే చెప్పాడు, నా బుర్రకెక్కలేదు. దానికెక్కింది.

డిగ్రీ అయ్యాక అది వన్ టౌన్‌లో ఒక బట్టల షాపులో బిల్లులు వేసే పనికి కుదిరింది. రోజంతా నిలబడి నిలబడి పిక్కలు పట్టేసిన సేల్స్ అమ్మాయిలను మధ్యాహ్నం గోడౌన్‌లో మూటల మీద కూర్చోబెట్టి కాళ్లు పట్టేది. "మార్తా, బిల్లులు వేస్తే జీతం వస్తోందే గానీ తృప్తి లేదు. వీళ్లు 'అమ్మయ్య' అంటే చాలు, ఆ పూట అన్నం సహిస్తోంది" అంది ఒకరోజు. ఉద్యోగం మానేసి కేరళ వెళ్లి కోర్సు చేసి వచ్చింది. ఆడవాళ్లకు మాత్రమే అని చెప్పి నా పక్క గది తీసుకుంది.

ఇక చూడండి, మసాజ్ అన్న మాటకే వెకిలి నవ్వులు. మగవాళ్లు ఫోన్లు చేసేవాళ్లు. పాపం, ఇది బిక్కమొహం వేసుకుని పెట్టేసేది. నాకు ఒళ్లు మండి ఒకసారి ఫోను లాక్కున్నాను. "మీ ఇల్లెక్కడో చెప్పండి బాబూ, మీ అమ్మగారికి నడుం నొప్పి ఉందేమో, ఇద్దరం వచ్చి పట్టి వెళ్తాం" అన్నాను. వాడు మళ్లీ చేస్తే ఒట్టు!

పనే దాని తరఫున మాట్లాడింది. బాలింతలు వచ్చారు, డ్యాన్సు టీచర్లు వచ్చారు, మిషను మీద వంగి వంగి మెడ బిగుసుకుపోయిన నేను సరేసరి. గిరాకీ ఎంత ఉన్నా, ఎక్కడైనా వాపు కనిపిస్తే చెయ్యి వెయ్యదు. "ముందు డాక్టరుగారికి చూపించుకుని రండమ్మా" అని పంపించేస్తుంది. ఇప్పుడు దాని దగ్గర పని నేర్చుకున్న ఆడపిల్లలు సొంతంగా బతుకుతున్నారు. నా స్నేహితురాలని గొప్పలు పోతున్నాననుకుంటారేమో. అవును, పోతున్నాను.

అందరూ వచ్చారు, ఒక్క బసవపున్నయ్యగారు తప్ప. మొదట్లోనే ఖరాఖండిగా చెప్పేశారు. "ఒళ్లు పట్టించుకున్న వంశం మనది, పట్టే వంశం కాదు. బోర్డు మీద మన ఇంటిపేరు ఎక్కిందా, నీ గుమ్మం తొక్కను." ఆ మాట మా తాత ఎదురుగానే అన్నారు. తాత తల వంచుకున్నాడు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. మా తాత చేత పట్టించుకున్నన్నాళ్లూ హాయిగానే ఉందిగా, అదే పని కూతురు చేస్తే నామోషీనా?

బోర్డు మీద ఉత్త 'కనకలక్ష్మి మసాజ్ సెంటర్' అనే రాయించుకుంది. అయినా ఆయన రాలేదు. సంపాదించింది, పేరు తెచ్చుకుంది, కానీ నాన్న ఒక్కసారి వచ్చి తన పని చూడాలన్న కోరిక మాత్రం దాన్ని వదల్లేదు.

మొన్న శ్రావణంలో పక్కనున్న పెద్ద గది కూడా తీసుకుని పాలు పొంగించింది. తండ్రికి ఫోను చేస్తే "చూద్దాం" అన్నారట. మా తాతకు మాత్రం కారే పంపించింది.

పాలు పొంగే వేళకు గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారని చూస్తే బసవపున్నయ్యగారు! చెప్పులు విప్పలేదు, లోపలికి రాలేదు.

ఇది తండ్రిని చూసింది. చూసి కూడా మా తాతను కుర్చీలో కూర్చోబెట్టి, "కొత్త గదిలో మొదట నీకే పడతాను తాతా" అంది.

"వద్దండీ అమ్మాయిగారూ, తప్పండీ. అయ్యగారు చూస్తున్నారు."

"చూడనీ తాతా. చూడాలనేగా పిలిచింది."

ఆయన గిరుక్కున తిరిగి వెళ్లిపోతే ఇది మళ్లీ లేవగలదా? చేతిలోకి నూనె ఒంపుకుంది. తాత భుజం మీద వెయ్యబోతుండగా,

"ఆగమ్మాయ్!" అని గుమ్మంలోంచి కేక.

నా చేతిలో కత్తెర లేదు కాబట్టి సరిపోయింది.

"చుక్కలు పెట్టకుండా మొదలెడతావేంటి? శౌరయ్య ఏనాడైనా అట్లా మొదలెట్టాడా?"

చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. మా తాత కుర్చీ ముందు గొంతుక్కూర్చుని, గిన్నెలో వేలు ముంచి, కొత్త టైల్సు మీద మూడు చుక్కలు తనే పెట్టారు. లేచి ఆ గిన్నె రెండు చేతులా పట్టుకుని కూతురి పక్కన నిలబడ్డారు. "ఊఁ, పట్టు."

అది పట్టింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా చెయ్యి మాత్రం ఆగలేదు. మా తాత కళ్లు మూసుకున్నాడు. జీవితంలో ఆయనకు ఎవరైనా ఒళ్లు పట్టడం అదే మొదలు. కాసేపటికి, "చెయ్యి కుదిరిందయ్యా అమ్మాయిగారికి" అన్నాడు.

"నీ చెయ్యేగా శౌరయ్యా" అన్నారు బసవపున్నయ్యగారు. ఆ గొంతులో అంత మెత్తదనం ఉంటుందని నాకు తెలియదు.

భోజనాలయ్యాక వెళ్తూ వెళ్తూ బోర్డు కింద ఆగారు. "ఇంటిపేరు ఏదమ్మా?"

"నువ్వేగా నాన్నా వద్దంది."

"అన్నాన్లే. పెయింటర్ని పిలిపించు."

మర్నాడే పెయింటరు వచ్చాడు. 'పోతుమర్తి కనకలక్ష్మి' అని కొట్టొచ్చినట్టు రాశాడు. అతను నిచ్చెన దిగుతుంటే నేను ఆపి, 'మార్త లేడీస్ టైలర్' అని ఉన్న నా బోర్డు చూపించాను.

"దాని మీద కూడా ఇంటిపేరు ఎక్కించు బాబూ. మా శౌరయ్య తాతది" అన్నాను.