మా ఇంటి గోడ మీద రెండో వైరు

మా అన్నకు టీవీ గురించి తెలిసింది రిమోట్‌లో రెండు మీటలు. ఒకటి సౌండు పెంచేది, ఇంకొకటి చానెల్ మార్చేది. అయినా మా ఇంట్లో ఏ గదికి ఎంత సిగ్నల్ పోవాలో నిర్ణయించింది ఆయనే.

ఆదోనిలో మాది పాత రాతి మిద్దె. ముందు హాలు, పక్కన అన్నావదినల గది, వీధి వైపు చివర మా గది. హాలు కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచి ఉండేది. వాన నీళ్లు కారుతున్నాయని దాన్ని సిమెంటు పలకతో మూసి, డిష్ వైరు దిగడానికి ఒక్క సందు మాత్రం వదిలారు. మా వీధిలో డిష్‌ను గొడుగు అంటారు. అన్నదమ్ములు కలిసి ఉన్నారా, వేరు పడ్డారా అని ఇక్కడ ఎవరూ నోరు తెరిచి అడగరు. తల పైకెత్తి మిద్దె మీద గొడుగులు, వాటి నుంచి దిగే వైర్లు చూసుకుంటారు. ఒక వైరు ఉంటే ఒక కాపురం, రెండుంటే రెండు. మా ఇంట్లో పొయ్యిలు వేరై చాలా ఏళ్లయింది. వైరు మాత్రం ఒకటే ఉండాలని అన్న పట్టుదల. అది ఆయన లెక్కలో పరువు.

మా గదికి నేను టీవీ, బాక్సు కొన్నప్పుడు, బిగించడానికి అన్న ఎమ్మిగనూరు నుంచి తనకు తెలిసిన మెకానిక్‌ను పిలిపించాడు. నేను ఎమ్మిగనూరులోనే బట్టల కొట్లో పని చేస్తాను. ఆ రోజు నాకు సెలవు దొరకలేదు. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి పని ముగిసింది. హాల్లో గోడకు ఒక చిన్న స్ప్లిట్టర్ కొట్టి, గొడుగు నుంచి వచ్చిన ఒక్క వైరును రెండు పాయలు చేశారు. ఒక పాయ హాలు బాక్సుకు, ఇంకోటి గడపల మీదుగా మా గది బాక్సుకు.

“రెండు గదులకూ పోయింది సూడు. మీరుండేది ఇద్దరే, మీకెంత టీవీ కావాలప్పా?” అన్నాడు అన్న.

మాకు పిల్లలు లేరు. ఆ మాట ఆయన మరిచిపోయి ఉంటాడు. నేను మరిచిపోలేదు.

కొన్నాళ్లు లోపం తెలియలేదు, మేము చూసేదే తక్కువ కాబట్టి. తరువాత నా భార్య వడియాల చాటతో మిద్దె మెట్లు దిగుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు. ఆమె పుట్టిల్లు కర్ణాటకలో సిరుగుప్ప పక్క పల్లె. ఈ ఇంటికి వచ్చాకే తెలుగు నేర్చుకుంది. కన్నడంలో మాట్లాడటానికి ఆమెకు ఇక్కడ ఎవరూ లేరు, నాకు వచ్చింది నాలుగు ముక్కలే. సాయంత్రం ఆరు గంటలకు ఒక కన్నడ చానెల్లో గంటసేపు వంటల కార్యక్రమం వచ్చేది. రోజుకొక పల్లెకు పోయి అక్కడి ఆడవాళ్ల చేత వండించేవాళ్లు. “వంటదేముంది, అది నాకు రాదనా? ఆ మాట వినాల” అనేది ఆమె. పొద్దంతా కప్పు చూస్తూ పడుకున్న మనిషి ఐదున్నరకే తలగడ సర్దమనేది. ఇరవై నాలుగు గంటల్లో ఆమెకున్నది ఆ గంట ఒక్కటే.

అందులో సగం పోయేది. సరిగ్గా ఆరున్నరకు, రొట్టె పెనం మీద పడేసరికి, తెర నల్లబడి సిగ్నల్ లేదని అక్షరాలు వచ్చేవి. ఏడు గంటలకు బొమ్మ తిరిగి వచ్చేది, అప్పటికి ప్రకటనలు. మొదటి రెండు రోజులు మబ్బు అనుకున్నాను. ఆదోనిలో ఎండాకాలం మబ్బెక్కడిది? మూడో రోజు తలుపు తెరుచుకుని కూర్చున్నాను. హాల్లో వదిన సీరియల్ పాట మొదలైంది, మా తెర ఆరిపోయింది. నాలుగో రోజూ అంతే. ఐదో రోజు ఎవరిదో పెళ్లికని వదిన ఆస్పరి పోయింది, హాల్లో టీవీ పెట్టలేదు. మాకు కార్యక్రమం చివరిదాకా వచ్చింది. ఏ కోర్టుకైనా ఆ రుజువు చాలు.

మా అన్నకు చాలలేదు.

“హాల్లో సీరియలు పెడుతూనే మా చానెల్ పోతాందన్నా” అన్నాను.

ఆయన నవ్వాడు. “మొన్న కొళాయి మీద, నిన్న పాలవాని మీద, ఈ పొద్దు సీరియల్ మీదనా నీ కంప్లైంటు? మాకు ఒక్క దినమన్నా పోయిందా? మా చానెల్ యాడికీ పోలేదే!”

వదిన వంటింట్లోంచే అందుకుంది. “మా సీరియలు మీ చానెల్ని మింగుతాందంట! ఇంగేం, రాత్రికి దానికి అన్నం పెట్టే పనిలేదు మరిదీ.”

“ఒక్కసారి వచ్చి మా గదిలో కూసో అన్నా. నీకే తెలుస్తాది.”

“నాకేం పనీపాటా లేదా?”

పది అడుగుల దూరం. ఎవరి ఎద్దుకో జబ్బు చేసిందంటే చిప్పగిరి దాకా పోయి చూసి వచ్చే మనిషి. నా భార్య కాలు విరిగినప్పుడు కూడా గడప అవతల నిలబడే పలకరించాడు.

మెకానిక్‌కు ఫోన్ చేస్తే పొద్దున “నందవరంలో ఉండాను సార్” అనేవాడు, మధ్యాహ్నం “ఆస్పరి పోతాండాను సార్” అనేవాడు. ఆ మనిషి ఒక్క రోజులో తిరిగే దూరం ఆర్టీసీ బస్సు కూడా తిరగదు. వేళ్లరిగేలా ఫోన్ చేయడం దండగని, నాలుగు వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం ఎమ్మిగనూరు బస్టాండు వెనక ఉన్న అతని కొట్టుకే పోయాను. స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

“నందవరం నుంచి ఎప్పుడొచ్చినావు భాయ్?”

“ఇప్పుడే సార్” అన్నాడు, గ్లాసులో టీ అప్పటికే అడుగుకు వచ్చింది.

జరిగినదంతా చెప్పాను. అతను నవ్వలేదు. “గొడుగు ముందర తలకాయ ఉంటాది కదా సార్, దానికి ఒకటే నోరు. బాక్సు సగం చానెళ్లకు తక్కువ కరెంటు పంపి అడుగుతాది, సగానికి ఎక్కువ పంపి అడుగుతాది. రెండు బాక్సులు ఒక్కసారి అడిగితే ఎక్కువ పంపినదానిదే గెలుపు. మీ వదిన సీరియలు ఎక్కువ దాంట్లో ఉంది, మీ కన్నడం తక్కువ దాంట్లో ఉంది. ఆమెకు పోదు, మీకే పోతాది.”

“దీనికి మందు లేదా?”

“రెండు నోళ్ల తలకాయ పెట్టి, ఇంగో వైరు దింపితే సరి. గొడుగు అదే సాలు.”

“మరి ఆ పొద్దే ఎందుకు పెట్టలేదు?”

అతను గ్లాసు కింద పెట్టాడు. “పెడతానంటి సార్. ఈ స్ప్లిట్టర్ కేబుల్ టీవీకి పనికొస్తాది గానీ గొడుగుకు పనికిరాదని మీ అన్నకు సెప్తి. గవాచిలో రెండో వైరుకు సందు లేదు, వీధి గోడ మీదే దింపాల. ‘గోడ మీద రెండో వైరు కనపడితే ఇల్లు పంచుకున్యారంటారు. పోతే తమ్ముని చానెళ్లు పోనీలే’ అన్యాడు.”

అంటే నన్ను చూసి నవ్వినప్పుడు ఆయనకు తెలుసు. యాడికీ పోలేదే అన్నప్పుడూ తెలుసు.

మరుసటి రోజు సెలవు పెట్టి మెకానిక్‌ను అతని బండి మీదే వెంటబెట్టుకుని వచ్చాను. వీధి గోడకు నిచ్చెన వేస్తూనే అన్న బయటికి వచ్చాడు.

“ఎనక గోడ మీద తిప్పుకోని దింపు భాయ్” అన్నాడు.

“ముందర గోడ మీదే” అన్నాను నేను.

“ఒక టీవీ కోసం ఇంటి పరువు తీస్తావా?”

“తమ్ముని చానెళ్లు పోనీలే అన్నప్పుడు ఆ పరువు యాడ పెట్టినావన్నా?”

అన్న నిచ్చెన వైపు చూశాడు. మెకానిక్ మాట్లాడే అవసరం రాకుండా మేకులన్నీ నోట్లో పెట్టుకున్నాడు.

ఎదురింటి ముసలామె అరుగు మీది నుంచి అడిగింది. “ఏమప్పా, వేరు పడినారా?”

“లేదవ్వా, ఇంటర్నెట్టు వైరు” అన్నాడు అన్న, క్షణం ఆలస్యం లేకుండా.

“టీవీ వైరే అవ్వా, మా గదికి” అన్నాను.

“ఏదో ఒకటి లే. పొయ్యిలు ఎప్పుడో వేరైనాయి కదా, ఈ వీధిలో ఎవరికి తెలీదు?” అని ఆమె చాటలో బియ్యం చెరుగుతూ ఉండిపోయింది.

ఆ పరువు కోసం నా భార్య నాలుగు వారాలు సగం రొట్టెలు చూసింది.

సాయంత్రం ఆరున్నరకు హాల్లో సీరియల్ పాట మొదలైంది. ఆమె నా మణికట్టు పట్టుకుంది. బొమ్మ కదల్లేదు. తెర మీద ఎవరో పెద్దావిడ జొన్నరొట్టె తిప్పి కాలుస్తూ తన కోడలిని తిడుతోంది. నా భార్య నవ్వింది, తిట్టు ఏమిటో నాకు చెప్పలేదు. అప్పుడు అన్న గడప అవతల నిలబడి “వస్తాందా?” అన్నాడు. నేను తల తిప్పలేదు. ఆయన నోటి నుంచి ఇంకో మాట రావాలి, దాని కోసం చూశాను. ఇప్పటికీ రాలేదు.

“వస్తాంది బావా” అంది నా భార్యే.

“ఇంగేం మరి” అని ఆయన వెళ్లిపోయాడు.

“ఆ తలుపు ఎయ్యి. సీరియల్ పాటకు వీళ్ల మాట వినపడట్లే” అంది ఆమె. లేచి తలుపు వేశాను.