సన్యాసమ్మ అడిగిన ఎర్రపట్టీ పుస్తకం

కరోనా తర్వాత లైబ్రరీ తలుపులు మళ్ళీ తెరిచిన చలికాలంలో నన్ను ఇష్యూ కౌంటరులో కూర్చోబెట్టారు. కొరాపుట్ జిల్లాలో ఒక ప్రభుత్వ కర్మాగారం టౌన్‌షిప్పు మాది. ఉద్యోగుల కుటుంబాలకీ, క్యాంటీను, తోటపని వాళ్ళకీ అందులో సభ్యత్వం ఉండేది. ఒడియా, హిందీ పుస్తకాల పక్కన రెండు బీరువాల నిండా తెలుగు పుస్తకాలు. నా హోదా మాత్రం మారలేదు. అటెండరుగా చేరాను, అటెండరుగానే రిటైరయ్యాను. కానీ పుస్తకాన్ని మనిషి చేతికిచ్చేది కౌంటరులో ఉన్నవాళ్ళే కాబట్టి, అది నాకు పెద్ద పనే.

ఆ పని ఇచ్చింది లైబ్రేరియన్ శాంతకుమారి మేడమ్. మా నాన్న మునిగుడ రైల్వే స్టేషన్లో పనిచేసేవారు, నన్ను బడికి పంపలేదు. మా ఆయన పోయాక ఆయన బదులు నాకు ఉద్యోగం వచ్చేనాటికి సంతకం కూడా రాదు. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకునేదాన్ని. పాటలన్నీ నోటికి వచ్చు, అందుకని ఎవరికీ తెలిసేది కాదు. మేడమ్‌కి తెలిసిపోయింది. దుమ్ము దులిపే పుస్తకాల వీపుల మీది పేర్లతోనే ఆమె నాకు అక్షరాలు నేర్పారు. అప్పటికి నాకు నలభై దాటాయి.

మా పద్ధతి ఇలా ఉండేది. కొత్త పుస్తకం రాగానే మేడమ్ చదివి, వీపు అడుగున రంగు పట్టీ అంటించేవారు. చిన్నపిల్లలకు పసుపు, హైస్కూలు వాళ్ళకు ఆకుపచ్చ, పెద్దవాళ్ళకు ఎరుపు. వెనక అట్ట లోపల పెన్సిలుతో రెండు మూడు మాటలు రాసేవారు: చావు ఉంది, దయ్యం ఉంది, తాగుడు ఉంది, పడకగది ఉంది. పుస్తకం ఇచ్చేటప్పుడు కథ చెప్పకూడదు, ఆ మాటలు మాత్రం చెప్పాలి. దాన్ని ఆమె ‘గుమ్మంలో మాట’ అనేవారు.

సన్యాసమ్మ క్యాంటీనులో పనిచేసేది. గుణుపురం వైపు మనిషి. ఆదివారం మధ్యాహ్నాలు చర్చి వెనక గదిలో ఒక నర్సమ్మ నడిపే తరగతిలో అక్షరాలు నేర్చుకుంది. ఆ తరగతి నుంచి వచ్చినవాళ్ళకి పసుపుపట్టీ పుస్తకాలు ఇవ్వడం మా అలవాటు. అక్షరాలు పెద్దవి, మాటలు తక్కువ. కొన్నాళ్ళు అవే తీసుకెళ్ళింది. ఒకరోజు పుస్తకాన్ని క్యాంటీను తువ్వాలులో చుట్టి తెచ్చి, సభ్యత్వ కార్డుతో సహా నా ముందు పెట్టింది.

“అప్పా, ఈ కార్డు నువ్వే ఉంచు. నాకొద్దు.”

అక్కని వాళ్ళ వైపు అప్ప అంటారు. ఏమైందని అడిగాను.

“ఏటవుతాది? పలక కొన్నావా, బళ్ళో ఎప్పుడు ఏస్తారని కేంటీనంతా ఒకటే నవ్వు. నవ్వితే నవ్వేరు. లోపలేటుందని? నక్క, కాకి. ఇద్దరు కోడళ్ళతో ఏగినదాన్ని, నాకు నక్క బుద్ధి సెప్పాలా?”

నాకు నవ్వొచ్చింది కానీ ఆమె నవ్వడం లేదు. ఎర్రపట్టీది ఇమ్మంది. ఒకటి ఇచ్చాను. అక్కడే నిలబడి మొదటి వరుస మీద వేలు పెట్టింది, సగంలో ఆగిపోయింది.

“ఇది రాదు, అది వద్దు. ఇంకేటి సదువు?” అని కార్డు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

లేటు వయసులో నేర్చిన అక్షరం వాడకపోతే నిలవదు. ఆమె కంటే ముందు అదే తరగతిలో నేర్చుకుని మానేసినవాళ్ళు మళ్ళీ వేలిముద్రకే వచ్చారు. సన్యాసమ్మ కూడా అలాగే పోతుందని భయం వేసింది. మేడమ్‌కి చెప్పాను. ఆమె ఆ పసుపుపట్టీని చూసి, వయసుకీ అక్షరానికీ కలిపి ఒక్క పట్టీ చేత రెండు పనులు చేయిస్తున్నామని అన్నారు.

పిల్లలకి పుస్తకం ఎంచడానికి ఆమె నేర్పిన వేళ్ళ లెక్క ఒకటుంది. మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చదివించాలి. ఆగిపోయిన ప్రతి మాటకీ ఒక వేలు ముడవాలి. పేజీ పూర్తికాకుండానే పిడికిలి బిగిస్తే ఆ పుస్తకం ఇప్పటికి వద్దు. అదే లెక్క ఎర్రపట్టీ పుస్తకాల మీద వేద్దామన్నారు. ఆమె ఏరి ఇవ్వడం, నేను పైకి చదవడం. రాజుల కాలం నవలలో బిరుదులతోనే పిడికిలి బిగిసింది. ప్రేమ నవలలో ఒక్కో వాక్యం అరపేజీ. వంటల పుస్తకం సులువే, కానీ రోజూ కర్మాగారానికంతా వండే మనిషికి అది ఇస్తే ఏమంటుందో ఇద్దరికీ తెలుసు. చివరికి ఒక డిటెక్టివ్ నవల దొరికింది. చిన్న వాక్యాలు, ఎక్కువగా మాటలే. రెండు వేళ్ళే ముడిచాను. వెనక అట్ట లోపల ‘హత్య, భార్యను కొట్టడం’ అని ఉంది.

ఆ పేజీలు ఎక్కడొస్తాయో మేడమ్‌ని అడిగి, కార్డు, పుస్తకం తీసుకుని నేనే క్యాంటీనుకి వెళ్ళాను. సన్యాసమ్మ గిన్నెలు తోముతోంది. గుమ్మంలో మాట చెప్పాను: ఇందులో అత్తను చంపుతారు, తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టే మొగుడున్నాడు, పెళ్ళి భోజనాల తర్వాత ఆ పేజీలొస్తాయి.

“కొట్టే మొగుడు నాకు తెలిసినోడేలే. అత్తని సంపడమే కొత్త. ఇటివ్వు.”

పక్కవాళ్ళు ఘొల్లుమన్నారు. ఆమె చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని పుస్తకం అందుకుంది. ఈసారి దాన్ని తువ్వాలులో చుట్టలేదు.

చాలా రోజులు రాలేదు. గడువు దాటినా మేడమ్ కబురు పెట్టనివ్వలేదు. చలి తగ్గాక ఒక సాయంత్రం వచ్చింది.

“ఎవడు సంపేడో నాకు ముందే తెలిసిపోయింది. ఆ మందులషాపు ఓడే! కేంటీన్లో అందరికీ సెప్పేను, ఎవులూ నమ్మలేదు.”

తర్వాత గొంతు తగ్గించింది. “కొట్టే పేజీలు మట్టుకు సదవలేదు, అప్పా. పెళ్ళి బోజనాలయ్యేక తిప్పేసేను. నువ్వు సెప్పకపోతే మజ్జిలో పడిపోదును. పుస్తకం అక్కడే మూసేద్దును.”

మేడమ్ కూడా విన్నారు. సన్యాసమ్మ అడిగింది: “ఇంకో హత్యుందేటి?”

ఆ నెలలోనే పద్ధతి మారింది. వీపు మీది రంగు, లోపలి విషయం ఎవరికి తగునో మాత్రమే చెబుతుంది. అక్షరం ఎంత సులువో చెప్పే గుర్తు వెనక అట్ట లోపలికి వెళ్ళింది, కౌంటరు మనిషికి తప్ప కనబడదు. తరగతి నుంచి వచ్చే ఆడవాళ్ళకి ముందు డిటెక్టివ్ కథ, తర్వాత చిన్న అధ్యాయాలున్న జీవిత చరిత్ర ఇచ్చేదాన్ని. పాటల పుస్తకం ఇచ్చేదాన్ని కాదు. నోటికి వచ్చిన పాట దగ్గర కన్ను పనిచేయదని నాకంటే ఎవరికి తెలుసు?

నాకు చదువిచ్చిన మేడమ్‌కీ, కార్డు తిరిగి ఇచ్చేసినా పుస్తకం వద్దనని సన్యాసమ్మకీ నేను రుణపడి ఉన్నాను. మనిషి ఎంత కష్టమైన అక్షరం చదవగలదన్నది ఒక ప్రశ్న. ఎంత కష్టమైన బతుకు చూసిందన్నది ఇంకో ప్రశ్న. కౌంటరులో కూర్చున్నవాళ్ళు రెండూ విడివిడిగా అడగాలి. గుమ్మంలో మాట మాత్రం అందరికీ చెప్పాలి, తల నెరిసినవాళ్ళకి కూడా.