భన్‌పురి గేటు తీసిన మనిషి

సూర్యారావుది బొబ్బిలి దగ్గర పల్లె. రాయపూర్‌ వచ్చి రైల్వేలో చేరి, భన్‌పురి గేటు దగ్గరే ముప్పై ఏళ్లు పనిచేశాడు. మహా రూలు మనిషి. రైలొస్తోందని గేటు వేశాక కలెక్టరొచ్చినా తీయడని పేరు. ఆ పేరు చూసుకుని ఆయనకి కాస్త గీర కూడాను.

డెబ్భై తొమ్మిదిలో ఒక మధ్యాహ్నం తీశాడు. జీపులో పురిటినొప్పులు పడుతున్న మనిషుందని డ్రైవరు బతిమాలాడు. గూడ్సు ఇంకా దూరంగానే ఉంది కదా అనుకున్నాడు. జీపు పట్టాలు దాటుతుంటే అప్పుడు చూశాడు, లోపల ఆడమనిషే లేదు. అరగంటకి కబురొచ్చింది. కార్మికుల తరఫున ఎన్నికలకి నిలబడ్డ దేవదాసుని ఎవరో కాల్చి జీపులో పారిపోయారట.

పోలీసులు అడిగితే, గేటు వేసే ఉంది, ఏ బండీ దాటలేదన్నాడు. దాటిందంటే ఉద్యోగం ఊడుతుంది, ఇంట్లో నలుగురు పిల్లలు. రూలు మనిషి మాట కదా, కోర్టు నమ్మింది. జీపు ఆ దారిన రానే లేదని తేల్చి, గేటు అవతల జీపుతో పట్టుబడ్డవాళ్లని వదిలేసింది. చంపిందెవరో తేలనే లేదు.

సూర్యారావు రిటైరయ్యాక బొంబాయి నుంచి సినిమావాళ్లు దిగారు. ఆ హత్య మీదే సినిమా, సగం నటులు, సగం అసలు మనుషులు. కోర్టు మాట ప్రకారం ఒకసారి, జీపు గేటు దాటే పోయిందనే యూనియన్‌వాళ్ల మాట ప్రకారం కల్పించి ఒకసారి తీస్తామన్నారు. రెండోసారి సూర్యారావు చక్రం తిప్పి గేటెత్తాలి, అంతే, మాటల్లేవు. దేవదాసు భార్య ఎస్తేరు, ఆస్పత్రిలో నర్సు, కెమెరా పక్కనే నిలబడి చూస్తోంది.

గేటు లేచింది. జీపు దాటింది. సూర్యారావు ఆమె వైపు తిరిగాడు.

"తీసేనమ్మా. ఆరోజు గేటు నేనే తీసేను. ఉజ్జోగం పోద్దని అబద్ధమాడేను."

డైరెక్టరు పరుగున వచ్చి కావలించుకున్నాడు. రాయని మాట ఇంత బాగా పలికాడని పొంగిపోయి, సినిమాలో కల్పించిన భాగంలోనే దాన్ని ఉంచేశాడు. సినిమా ఆడినప్పుడు క్వార్టర్లన్నీ సూర్యారావు నటనని మెచ్చుకున్నాయి. ఆయన ఠాణాకెళ్లి వాంగ్మూలం రాసుకోమంటే, ఎస్సై నవ్వి, సినిమా చూశాను బాబా అని టీ తెప్పించాడు. సూర్యారావు సిగ్గుపడి, టీ ముట్టకుండానే లేచొచ్చేశాడు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక ఎస్తేరు ఆయన ఇంటికొచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"నువ్వు చెప్పింది నిజమేనని నాకు తెలుసన్నా. క్షమించాలని ఆ రోజు నుంచీ ప్రార్థన చేస్తన్నాను. నావల్ల అవడం లేదు."